ఆ కంచు మెడల్ విషయంలో ఆశీర్వాదం మాస్టారి తప్పు లేదు

నిన్న పొద్దున తాడేపల్లిగూడెం స్టేషన్లో ప్యాసింజర్ కోసం నిలబడి ఉంటే ఎస్సెమ్మెస్ వచ్చింది.

"ఆశీర్వాదం మాస్టారు పోయారు. రాత్రి నిద్రలోనే."

రెండుసార్లు చదివాను. రైలు వచ్చింది, వెళ్ళిపోయింది. నేను ఎక్కలేదు.

మొన్న ఆదివారం కూడా ఫోన్ చేద్దామనుకున్నాను. చెయ్యలేదు. ఎందుకు చెయ్యలేదో ఇక్కడ అందరి ముందూ చెప్పాలి. చెప్పకపోతే నాకు అన్నం దిగదు.

తెలియనివాళ్ళ కోసం. ఏలూరు స్కూల్లో ఆయన మాకు డ్రిల్లు మాస్టారు. పిల్లల్ని కూడా "మీరు" అనేవారు. "చెయ్యి చాపండి" అని మర్యాదగా అడిగి మరీ బెత్తంతో ఒక్కటిచ్చేవారు.

రిటైరయ్యాక ఆయనకు ఒకటే లోకం. యూరప్ దేశాల పాత యుద్ధాల మెడల్స్, రిబ్బన్లు గుర్తుపట్టడం. చింతలపూడి, కామవరపుకోట నుంచి కూడా జనం తాతల ట్రంకు పెట్టెల్లో దొరికినవి రుమాల్లో కట్టుకుని వచ్చేవారు. ఆయన కళ్ళద్దాలు నుదుటి మీదకు తోసి, లెన్సు పెట్టి ముందు అంచు చూసేవారు. చాలా మెడల్స్‌కి అంచు మీద మనిషి నంబరు, హోదా, పేరు సన్నటి ఇంగ్లిషు అక్షరాల్లో ఉంటాయి.

"రాజుగారి బొమ్మ అందరికీ ఒకటేనండి. మన మనిషి అంచు మీదుంటాడు" అనేవారు.

ఒకసారి నేనూ ఆయనా ఏలూరులో డ్రామా డ్రెస్సులు అద్దెకిచ్చే షాపుకి వెళ్ళాం. అక్కడ దొర వేషం కోటుకి రంగు రిబ్బన్లు చుట్టిన చిన్న బద్ద ఒకటి గుచ్చి ఉంది. షాపాయన దాన్ని దొరకీ, పోలీసుకీ, ఒకసారి డాక్టరు వేషానికీ కూడా పెట్టాడట. మాస్టారు చూసి అదిరిపడ్డారు.

"ఏవండీ, ఇది మొదటి యుద్ధంలో ఫ్రాన్సు వాళ్ళు ధైర్యానికిచ్చిన మెడల్ రిబ్బనండీ! ఆకుపచ్చ మీద ఎర్ర గీతలు చూడండి. అదే ఎరుపు మీద పచ్చ గీతలైతే బెల్జియం."

"ఏ దేశమైతే ఏంటండీ, రేపు భీమడోలులో డ్రామా ఉంది, కోటు ఇలా ఇవ్వండి" అన్నాడు షాపాయన.

మాస్టారు ఇంటిదాకా నవ్వుతూనే ఉన్నారు. ఆ తర్వాత ఆయన అలా నవ్వడం నేను చూడలేదు. కారణం నేనే.

మాది కొల్లేటి ఒడ్డు ఊరు. మా నాన్నకు తాత, అంటే నాకు ముత్తాత, మొదటి ప్రపంచ యుద్ధానికి బస్రా వెళ్ళొచ్చాడు. సైన్యంలో సుబేదారుగా, అంటే ఆఫీసరుగా వెళ్ళాడని ఇంట్లో చెప్పుకునేవాళ్ళం. ఊళ్ళో, చర్చిలో మేం "సుబేదారు గారింటివాళ్ళం". నల్లబడిపోయిన మెడల్ ఒకటి ఉండేది. దాని అంచు ఎవరమూ చూడలేదు. అక్కడ రాసి ఉంటుందని ఇంట్లోవాళ్ళకు తెలియదు, తెలిసిన నాకేమో సుబేదారన్న మాట మీద అనుమానమే రాలేదు.

నాన్నకు లివర్ క్యాన్సర్ వచ్చింది. నెల రోజులు కష్టం అన్నారు డాక్టర్లు. అప్పుడే మా చర్చి సావనీర్ వేస్తోంది. అందులో తన తాతగారి సంగతి మాస్టారి సంతకంతో రావాలని నాన్న పట్టుబట్టారు. ఇంకేమీ అడగలేదు.

నేనే మెడల్ తీసుకుని ఏలూరు వెళ్ళాను.

"ఇది కంచుదండీ" అన్నారు మాస్టారు. "సిపాయిలకైనా ఆఫీసర్లకైనా వెండిదిచ్చారు. మూటలు మోసినవాళ్ళకీ, రోడ్లేసినవాళ్ళకీ కంచుది." అంచు నా వైపు తిప్పారు.

నంబరు. కూలీ. ముత్తాత పేరు.

"సిగ్గుపడేదేం లేదండీ. వెండివి చాలావరకు కంసాలి దగ్గర కరిగి కాళ్ళ పట్టీలైపోయాయి. కూలీలవే మిగిలాయి."

నాకు అవేవీ తలకెక్కలేదు. "నాన్న ఎన్నాళ్ళో ఉండరండీ. సుబేదారనే రాయండి మాస్టారూ" అని కాళ్ళు పట్టుకున్నాను.

ఆ రోజు ఒప్పుకోలేదు. మూడో రోజు ఆయనే బస్సెక్కి మా ఊరొచ్చారు. నాన్న మంచం పక్కన కూర్చుని, "సుబేదారు గారేనండీ" అన్నారు.

నాన్న లేవలేక పడుకునే రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టారు. మాస్టారు తల దించుకున్నారు. కాగితం మీద అదే రాసి సంతకం పెట్టారు.

నాన్న ఆ వారంలోనే పోయారు. తర్వాత సావనీర్ వచ్చింది, తోమి తీసిన మెడల్ కలర్ ఫోటోతో సహా.

కొన్నాళ్ళకు ఏలూరులో పాత నాణేలు, మెడల్స్ సేకరించేవాళ్ళ మీటింగు జరిగింది. పై ఊరి నుంచి వచ్చిన ఒకాయన ఆ సావనీర్ ఎత్తి చూపించాడు. "కంచు మెడల్ పట్టుకుని సుబేదారంటారా? ఈయన చెప్పినవన్నీ ఇలాంటివేనా?"

హాలంతా నవ్వింది.

మాస్టారు లేచి నిలబడి, "పొరబడ్డానండి" అన్నారు. అంతే. నా వైపు చూడను కూడా చూడలేదు.

నేను మూడో వరసలో ఉన్నాను. లేచి నిజం చెబుదామంటే ఇంటి పరువు అడ్డొచ్చింది.

ఆ తర్వాత ఆయన దగ్గరికి మెడల్స్ తెచ్చేవాళ్ళు తగ్గిపోయారు. మొహం చెల్లక నేనూ వెళ్ళడం మానేశాను.

నిన్న సాయంత్రం సమాధుల దొడ్డిలో ఎవరో అన్నారు: "బంగారంలాంటి మనిషండీ. పాపం, చూపు మందగించి చివర్లో ఆ మెడల్స్ విషయంలో తప్పులు చెప్పారు." నేను పక్కనే ఉన్నాను, చేతిలో పిడికెడు మట్టితో. అప్పుడు కూడా మాట్లాడలేదు. అంత పిరికివాణ్ణి.

ఇప్పుడు చెబుతున్నాను. మా ముత్తాత సుబేదారు కాదు, కూలీ. మాస్టారు చక్కగా చూశారు, చక్కగా చదివారు. ఆయన చేత అబద్ధం ఆడించింది నేను. మా బంధువులకు కోపం వస్తే నా మీద చూపించండి.

ఈ పొద్దున మాస్టారి భార్య దగ్గరికి వెళ్ళి ఇదంతా చెప్పాను.

"నాక్కూడా చెప్పలేదండీ" అన్నారావిడ. "పొరబడ్డానన్నారు. నేనూ నమ్మేశానండీ."

వెళ్ళిరండి మాస్టారూ. ప్రభువు దగ్గరైనా మీ మనసు నెమ్మదిగా ఉండాలి.