మా ఇంట్లో అనకూడని మాట

మా మామకు, అంటే మా ఆయన నాన్నకు, ఇంగ్లీషు రాదు. కానీ ఒకే ఒక్క ఇంగ్లీషు మాట మీద మాత్రం పగబట్టినట్టు ఉండేవాడు. ఆ మాట ఫెయిల్. మా ఇంట్లో దాన్ని ఎవరూ పలకకూడదు. నేనేమో దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక చిన్న ప్రైవేటు స్కూల్లో ఇంగ్లీషు టీచర్ని. పొద్దున ఎనిమిదిన్నర నుంచి సాయంత్రం నాలుగింటి దాకా నా బతుకంతా ఆ మాటతోనే. ఇంటికొచ్చి చెప్పులు విడిచాక నోటికి కూడా తాళం వేసుకోవాలి.

ఇంతకీ మామ చేసే పని ఏమిటంటే, బోరు పాయింట్లు చూడడం. నల్లగొండ దిక్కు పల్లెలో మొదలుపెట్టి, ఎల్బీ నగర్ వచ్చాక కూడా వదల్లేదు. పిలక ఉన్న కొబ్బరికాయను అరచేతిలో అడ్డంగా పెట్టుకుని, చెప్పుల్లేకుండా ప్లాటంతా తిరిగేవాడు. ఎక్కడ కాయ లేచి నిలబడితే అక్కడ నీళ్ళు. అక్కడ సున్నంతో గీత గీసి, పసుపు కుంకుమ పెట్టి, అదే కాయ కొట్టేవాడు. వనస్థలిపురం దాటి లోపలికి కాలనీలు లేస్తున్న రోజుల్లో ఆయనకు ఆదివారం అనేదే ఉండేది కాదు. నల్లగొండ నుంచి వచ్చి ఇల్లు కట్టుకునేవాళ్ళు ముందు మేస్త్రీని కాదు, మామను పిలిచేవాళ్ళు.

ఆ పనిలో ఒక కట్టుబాటు ఉంది. బోరు బండి నడుస్తున్నంతసేపు అక్కడ నిలబడినవాళ్ళు ఎవరూ ఫెయిల్ అనకూడదు. అంటే భూమిలో నీళ్ళు విని పక్కకు తప్పుకుంటాయట. సరే, ఎవరి పని దగ్గర వాళ్ళకు ఏవో పట్టింపులుంటాయి, కాదనను. కానీ ఆయన ఆ కట్టుబాటును సైటు దగ్గర వదిలిపెట్టి రాకుండా ఇంటికి తెచ్చాడు. అక్కడే నాకు ఒళ్ళు మండేది.

మా పెద్దవాడికి లెక్కల్లో తక్కువ మార్కులొస్తే మా ఇంట్లో వాడు ఫెయిల్ కాలేదు, 'తప్పిండు'. బంధువుల్లో ఒకాయనకు కిడ్నీలు ఫెయిలై దవాఖానలో పడితే, మామ నోట అవి 'అలిగినయి'. లారీ బ్రేకులు ఫెయిలైతే 'మాట వినలే'. ఫోన్ చేసి ఎవరైనా ఏడుస్తూ విషయం చెబుతుంటే నేను ఇవతల నిలబడి, అలిగిన కిడ్నీల గురించి మా ఆయనకు సైగలతో చెప్పాల్సి వచ్చేది. ఆయన పాయింట్ పెట్టిన బోరు ఎండిపోతే చెప్పే మాట ఒకటే: నీళ్ళు పక్కకు పోయినయి. ఊళ్ళో సొంత పొలంలో వేసిన మూడు బోర్లలో నీళ్ళు పక్కకే పోయాయి. మా అత్తింటివాళ్ళు పట్నం రావడానికి కారణం అదే. ఆ మాట ఎంత నిమ్మళంగా చెప్పేవాడంటే, నీళ్ళేవో చుట్టాలింటికి పోయి రెండు రోజుల్లో వచ్చేస్తాయేమో అనిపించేది.

అవి తెలంగాణ ఉద్యమం రోజులు. టీవీలో ఎప్పుడు చూసినా ఢిల్లీ, చర్చలు, బంద్. 'చర్చలు విఫలం' అని కింద అక్షరాలు పరిగెత్తేవి. మామ టీ తాగుతూ చూసేవాడు. అదే వార్త చదివే అమ్మాయి 'చర్చలు ఫెయిల్' అనగానే గబుక్కున రిమోట్ అందుకుని టీవీ గొంతు నొక్కేసేవాడు.

ఒకసారి ఉండబట్టలేక అడిగాను. "విఫలం అంటే పర్వాలేదా మామా? రెండూ ఒకటే గదా!"

"అది పుస్తకాల మాట బిడ్డా. నీళ్ళకు సమజ్ గాదు" అన్నాడు.

నీళ్ళకు పుస్తకాల తెలుగు అర్థం కాదట, ఇంగ్లీషు మాత్రం అర్థమవుతుందట. తల బాదుకోవాలనిపించింది. నిజం చెప్పాలంటే ఆయన మాటలో కొంత న్యాయముంది, అది ఒప్పుకోవడం ఇష్టంలేక ఇంకా మండింది. మా వైపు వానలు పడకపోతే 'కాలం కాలేదు' అంటారు. పాలు విరుగుతాయి, మోటారు కాలుతుంది, బల్బు పోతుంది. అన్నిటికీ వేరు వేరు మాటలున్నాయి. బోరు మాత్రం ఫెయిలే అవుతుంది. ముప్పై ఏళ్ళ కింద యంత్రంతో పాటు ఆ మాట కూడా ఊళ్ళోకి దిగింది. అప్పటి నుంచి అక్షరం ముక్క రాని రైతు కూడా దాన్ని స్పష్టంగా పలుకుతాడు.

క్లాసులో అదే మాటతో ఇంకో తిప్పలు. నా పిల్లలకు ఫెయిల్ అంటే పరీక్ష, అంతే. ఒకనాడు పాఠంలో, ఉత్తరం రాయాల్సినవాడు రాయలేదు అనే చోట ఇదే మాట వచ్చింది. వెనక బెంచీ పిల్ల లేచి, "వాడు పరీక్ష రాయలేదు గదా టీచర్, ఫెయిల్ ఎట్లయితడు?" అంది. చేయాల్సిన పని చేయకుండా ఊరుకున్నా ఇంగ్లీషువాళ్ళు దాన్ని ఫెయిలనే అంటారని చెప్పాను. "గట్లయితే మేము రోజూ ఫెయిలే" అని క్లాసంతా నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. నవ్వేసి బోర్డు తుడుచుకుని వచ్చాను.

ఆ ఎండాకాలం మా కాలనీకి నీళ్ళ కష్టం మొదలైంది. నల్లా ఇంకా రాలేదు, అంతా ట్యాంకర్ల మీదే. బంద్ అంటే ట్యాంకర్ రాదు. ఎల్బీ నగర్ చౌరస్తాలో వంటావార్పు అంటే ఆ వంట అయ్యేదాకా ట్యాంకర్ రాదు. మా ఆయన ఆఫీసువాళ్ళతో కలిసి ధర్నాలో కూర్చుని, ఎండకు నల్లబడి ఇంటికొచ్చి, స్నానానికి నీళ్ళేవి అని అడిగేవాడు. నాకు తెలంగాణ కావాలి. ముందు ఒక బకెట్ నీళ్ళు కూడా కావాలి. రెండూ ఒకేసారి ఎవరిని అడగాలో తెలిసేది కాదు.

అందుకే మేమూ బోరు వేయించాం. పాయింట్ ఎవరు పెట్టారో చెప్పనక్కర్లేదు. మా ఇంటి ముందరే, గేటుకు నాలుగు అడుగుల లోపల కాయ నిలబడింది. బండి వచ్చింది. పొద్దున మొదలుపెడితే మధ్యాహ్నం దాకా దుమ్మే. తెల్లటి పిండి లాంటి దుమ్ము, తడి అన్నది లేదు. బండివాళ్ళు ఆపమంటారా అని అడిగిన ప్రతిసారీ మామ "ఇంకో పైపు దించు" అన్నాడు. పైపులు అయిపోయాయి గానీ దుమ్ము అయిపోలేదు. బండి వెళ్ళిపోయాక ఆయన తల మీద తువ్వాలు దులుపుకుని, "నీళ్ళు పక్కకు పోయినయి బిడ్డా" అన్నాడు. వారం తిరగకముందే ఆ బొక్కకు మూత బిగించి, మీద ఇటుకలు పేర్చి తులసి కోట కట్టించాడు.

కొత్త తులసి కోట, రోజూ దీపం. చూసేవాళ్ళకు ముచ్చటగా ఉండేది. నాకు మాత్రం చూసినప్పుడల్లా కడుపు మండేది. ఇంటి గుట్టు బయటపడకూడదని మా ఆయన ఒక మాట తయారుచేశాడు. ఎవరైనా అడిగితే మోటారు రిపేరు అనాలి. ముసలాయన మనసు నొప్పించుడెందుకు, అంటాడు. మా పక్కింటావిడ గుంటూరు మనిషి. వాళ్ళ బోరులో నీళ్ళున్నాయి. బంద్ రోజుల్లో అడక్కుండానే గోడ మీంచి పైపు వేసేది. గోడకు అటొక టీవీ, ఇటొక టీవీ రాష్ట్రం గురించి చెరోలా అరుస్తుండేవి. పైపు మాత్రం గోడ మీదనే ఉండేది.

"అదేంటండీ, రెండు నెలల్నుంచీ మోటారు రిపేరేనా? మా మెకానిక్‌ని పంపమంటారా?" అని ఆవిడ అడిగినప్పుడు నేను నేల చూపులు చూశాను.

"వస్తడండీ మావాడే, రేపో మాపో" అన్నాను. అబద్ధం ఆడటం అలవాటైంది.

మా వెనక గల్లీలో ఒక ఆటో ఆయన, ఆయన భార్య ఉండేవాళ్ళు. వాళ్ళదీ నల్లగొండే. చిన్న ప్లాటులో రెండు గదులు వేసుకున్నారు, బయటి గోడలకు ఇంకా సిమెంటు పూత కూడా లేదు. ఆమె ఇంట్లో కూర్చుని చీరలకు ఫాల్ కుట్టేది. నా చీరలన్నిటికీ ఆమె కుట్టే. బంద్ రోజున ఆటో నడవదు, ట్యాంకర్ రాదు. ఆమె రెండు బిందెలు పట్టుకుని సరూర్‌నగర్ దిక్కు దూరంగా ఉన్న పంపు దాకా నడిచేది. ఏళ్ళ తరబడి కూడబెట్టుకున్నది ఒక్క బోరుకు సరిపోతుందని నాతో ఒకసారి అంది. ఒక్కటంటే ఒక్కటే.

ఒక ఆదివారం పొద్దున్నే ఆమె మా గేటు దగ్గరికి వస్తే నేనే గేటు తీశాను. చేతిలో కొబ్బరికాయ. ముందు రోజే ట్యాంకర్ వచ్చి పోవడంతో, కింది సంపులోంచి పైకి ఎక్కించిన నీళ్ళు పొర్లి గోడ మీంచి కారుతున్నాయి. సంపు మోటారు ఆపడం మరిచిపోయింది నేనే.

ఆమె తలెత్తి చూసి మురిసిపోయింది. "టాంకి పొర్లుతుందక్కా! ఎండాకాలంల గూడ! పెద్దయ్య చెయ్యి మంచిది. మాకు గూడ జర పాయింట్ చూస్తడా అని ఒచ్చిన."

చెబుదామని నోరు తెరిచాను. దేవుడి సాక్షిగా తెరిచాను. ఇంతలో మామ లోపలి నుంచి వచ్చాడు. కొబ్బరికాయను చూశాడు. మా బోరు అయినప్పటి నుంచి ఆయన్ను పిలిచినవాళ్ళు లేరు. కొత్తవాళ్ళందరూ నీళ్ళు చూసే మిషన్లు పెట్టి చూపించుకుంటున్నారు. ఆయన ముఖం వెలిగిపోయింది. "ఆగు బిడ్డా, అంగీ ఏసుకొని ఒస్తా" అని లోపలికి ఉరికాడు. డెబ్బై ఏళ్ళ మనిషి అట్లా ఉరకడం నేనెప్పుడూ చూడలేదు.

ఆయన మీద జాలి వేసింది, అందుకే ఊరుకున్నాను అని చాలా రోజులు చెప్పుకున్నాను. అది సగమే. మిగతా సగం, నాకు ఓపిక లేదు. ఇప్పుడు చెబితే మామ అన్నం ముట్టడు, మా ఆయన నా మీద ఎగురుతాడు, ఉన్న ఒక్క ఆదివారం పాడవుతుంది. దిద్దాల్సిన పేపర్లు కుప్ప పడి ఉన్నాయి. పోనీ, ఒక్కోసారి పడతాయి గదా నీళ్ళు, వాళ్ళకూ పడతాయేమో అనుకుని లోపలికి వెళ్ళిపోయాను.

పదిరోజులకు, బంద్ లేని ఒక రోజు చూసుకుని బోరు బండి వాళ్ళ గల్లీలోకి వచ్చింది. స్కూలు నుంచి వచ్చేసరికి చప్పుడు వినిపిస్తూనే ఉంది. పోయి చూశాను. అదే తెల్ల దుమ్ము. గల్లీలో ఆరేసిన బట్టల మీద, ఆటో మీద, ఆమె జుట్టు మీద. పసుపు కుంకుమల పళ్ళెం పట్టుకుని నిలబడి ఉంది. ఆ పళ్ళెంలోనూ దుమ్మే. మామ "ఇంకో పైపు" అన్నాడు. ఆటో ఆయన, తన భార్య వైపు చూసి, ఇక డబ్బుల్లేవన్నట్టు తల అడ్డంగా ఊపాడు. బండి ఆగిపోయింది.

మామ ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుంటూ నాతో అదే మాట అన్నాడు. పక్కకు పోయినయట. నా చేతిలో చెంబు విసిరికొట్టాలనిపించింది. పోయినవి నీళ్ళా? ఆ చీరలు కుట్టిన చేతుల కష్టం కాదూ పోయింది? ఆ రాత్రి ఆయన ముందు కంచం పెట్టి, పేపర్లు దిద్దుకోవడానికి లోపలికి పోయాను.

మూడో రోజు సాయంత్రం ఆమె మళ్ళీ వచ్చింది. పోట్లాడటానికి వచ్చిందనుకున్నాను. పోట్లాట కాదు. చేతిలో మళ్ళీ కొబ్బరికాయ. మామ వసారాలో కుర్చీలో ఉన్నాడు.

"పెద్దయ్యా, నీళ్ళు జరంత పక్కకు పోయినయంటివి గద. ఇంకొక్కపారి చూడరాదు? మా ఆయన ఆటో అమ్ముతా అన్నడు. గీ ఒక్క బోరు పడితే చాలు, కిరాయి ఆటో నడుపుకుంటడు."

మామ చెయ్యి చాచాడు. నిజంగా చాచాడు. ఆయన ముఖంలో మోసం లేదు, అదే నాకు భరించరానిదైంది. ఈసారి తప్పకుండా పడతాయని ఆయన నమ్ముతున్నాడు. ఊళ్ళో మూడుసార్లు, ఇక్కడ రెండుసార్లు నమ్మినట్టే. నేను మధ్యలోకి వెళ్ళి కొబ్బరికాయ లాక్కున్నాను.

"ఒద్దు చెల్లె, ఆటో అమ్మకున్రి. మా బోరే ఫెయిలయింది. చుక్క నీళ్ళు పడలే. గా తులసి కోట కిందున్నది గదే. టాంకిల ఉన్నయి ట్యాంకర్ నీళ్ళు."

ఆ మాట నా నోటి నుంచి రావడం, మామ చెయ్యి మెల్లగా వెనక్కి పోవడం ఒకేసారి జరిగాయి. కోప్పడతాడనుకున్నాను. కోప్పడలేదు. ఒళ్ళో చేతులు పెట్టుకుని నేల చూస్తూ కూర్చున్నాడు. ఒక్కసారిగా చాలా ముసలివాడిగా కనిపించాడు. ఇన్నాళ్ళూ ఆ మాట మీద ఆయనతో గెలవాలని చూసినదాన్ని, గెలిచాక ఏడుపొచ్చింది.

ఆమె కోట వైపు చూసింది. పైన ట్యాంకు వైపు చూసింది. మామను ఒక్క మాట కూడా అనలేదు. నా వైపు తిరిగి, గొంతు పెంచకుండానే అడిగింది.

"గా ఆదివారంనాడు నేను ఒచ్చినప్పుడు గేటు తీసింది నువ్వే గదక్కా. ఆనాడే ఎందుకు చెప్పకపోతివి?"