మా అన్నకు వాసన లేదు

మా అన్న ఇంట్లో ఉన్నాడో లేడో నాకు ఇప్పటికీ సరిగ్గా తెలియదు. నేను మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని నేస్తూ ఉంటాను. ఎందుకో వెనక్కి తిరిగి చూడాలనిపిస్తుంది. చూస్తే గడప పక్కన గోడకు ఆనుకుని కూర్చుని ఉంటాడు. "ఎంతసేపాయన్నా వచ్చి?" అంటే "శానాసేపాయప్పా" అంటాడు. తలుపు చప్పుడు ఉండదు, అడుగుల చప్పుడు ఉండదు, దగ్గు ఉండదు. నా భార్య ఆయన్ను చూసి ఉలిక్కిపడి నీళ్ళ చెంబు జారవిడిచిన రోజులున్నాయి. "మీ అన్న మెడకు గంట కట్టండి" అని మొదట్లో నవ్వుతూ అనేది. తర్వాత నవ్వడం మానేసింది.

నాకు కోపం వస్తుంది. బతికున్న మనిషిని చూసి జడుసుకోవడం ఏం బతుకని నన్ను నేనే తిట్టుకుంటాను. ఆయన్ను తిట్టడానికి నోరు రాదు. ఆయన ఇలా అయింది మా అందరి తిండి గింజల కోసం. మా అమ్మ మాత్రం ఆ గింజలు లేకపోయినా సరే అనేది. చివరి రోజుల్లో ఆమె కోరుకున్నది ఒక్కటే. పెద్దకొడుకు వచ్చి పక్కన కూర్చుంటే, కూర్చున్నాడని తనకు తెలియాలి. అంతకంటే ఏమీ అడగలేదు.

మాది ఎమ్మిగనూరులో నేతపని ఇల్లు. నందవరం అవతల కొంచెం నల్లరేగడి పొలం ఉంది. నాన్న పోయాక మగ్గం నాకు, పొలం అన్నకు అన్నట్టు పనులు పంచుకున్నాం. అన్న కొంత చేనులో పత్తి, వర్షం వెనకపట్టినప్పుడు మిగతా దాంట్లో పప్పుశనగ వేసేవాడు. మొలక లేచి నాలుగాకులు వేసిందో లేదో జింకలు దిగేవి. మా వైపు జింకలంటే ఒకటీ రెండూ కాదు, మందలు. నల్లటి మగజింకను ఇర్రి అంటాం. అది ముందు, ఆడవి వెనక. పొద్దున ఒక చేను, సాయంత్రం ఇంకో చేను. చుట్టుపక్కల రైతులు డబ్బాలు కొట్టారు, టపాకాయలు కాల్చారు, గట్ల మీద పాత చీరలు కట్టారు. అమ్మ తన చీరలు కూడా ఇచ్చింది. జింకలు రెండు రోజులు చూసి, మూడోరోజు ఆ చీరల కిందనుంచే దూరి వచ్చాయి. మంచె మీద మనిషి ఉన్నాడని తెలిస్తే వాటికేం భయం లేదు. మంచె ఉన్న కొస వదిలిపెట్టి రెండో కొస మేస్తాయి.

అన్న ఆదోనికి పత్తి అమ్మడానికి పోయినప్పుడు అక్కడ ఒక ముసలి సాయిబు దగ్గర విల్లు తెచ్చుకున్నాడు. ఆ సాయిబు దాన్ని గులేలు అనేవాడు. వెదురు బద్దకు రెండు తాళ్ళు, వాటి నడుమ చిన్న తోలుముక్క. బాణం ఉండదు. తోలుముక్కలో ఎండిన మట్టి ఉండ పెట్టి లాగి వదలాలి. తోటల మీద పడే చిలకలను, కోతులను తోలడానికి ఆయన చేసేవాడట. ఇర్రి పిరుదు మీద ఒక్క ఉండ గట్టిగా తగిలితే మంద మొత్తం చెదిరి వారందాకా ఆ దిక్కు రాదని చెప్పాడు. జింక చావదు, చంపకూడదు కూడా. ఆ మాత్రం కొట్టడం కూడా నేరమే అని ఫారెస్టోళ్ళు అంటారు. అది అన్నకు తెలుసు, నాకూ తెలుసు. మా చేను మేయడం నేరమని జింకలకు చెప్పేవాళ్ళు ఎవరూ లేరు గనక అన్న మంచె ఎక్కాడు.

చిక్కంతా ఏమిటంటే, ఉండ దూరం పోదు. జింక మంచె కిందికి, చెయ్యి చాపితే అందేంత దగ్గరికి రావాలి. రావాలంటే పైన మనిషి ఉన్నట్టు దానికి అనుమానం కూడా కలగకూడదు. ముసలాయన అన్నను దగ్గరికి పిలిచి వాసన చూశాడట. "నేతోళ్ళ పిల్లగానివి కదా బేటా, గంజి వాసన వస్తాండాది. నువ్వు యాడ కూసున్నా పట్టేస్తాయి" అన్నాడట. ఆ ఒక్క మాట మా అన్న తలలోకి దిగబడిపోయింది.

ఆ మాటలో అబద్ధం లేదు. మా వీధి మొత్తం గంజి వాసనే. తెల్లవారకముందే వీధి పొడుగునా పడుగు నూలు సాచి గంజి పట్టిస్తాం. ఒంటికి, గోళ్ళలోకి, తల వెంట్రుకల్లోకి పడుతుంది. నాకు ఆ వాసన తెలియదు, నేనే ఆ వాసన. అన్న మాత్రం వీధిలో పడుగు సాచిన రోజున ఇంటికి రావడం మానేశాడు. వచ్చినా పెరటి దారిన వచ్చేవాడు. తలకు నూనె మానేశాడు. సబ్బు మానేశాడు. బీడీ మానేశాడు, అందుకు మేమంతా సంతోషించాం. ఉల్లి, వెల్లుల్లి, తాలింపు మానేశాడు. బట్టలు ఉత్త నీళ్ళలో జాడించి జొన్నచొప్ప మీద ఆరేసుకునేవాడు. అమ్మ ఆయనకు విడిగా జొన్నరొట్టె, ఉప్పు వేసి ఉడికించిన కందిపప్పు పెట్టేది. "ఏ దేవునికి మొక్కుకున్నావప్పా?" అని ఎగతాళి చేసేది. ఆయన నవ్వేవాడు. అప్పటికి నవ్వు ఉంది.

ఒకసారి నన్నూ మంచె ఎక్కమన్నాడు. చూడాలని నాకూ ఉంది. కాలవలో స్నానం చేయించి, ఒంటికంతా నల్లమట్టి రుద్ది, తన చొక్కా ఒకటి ఇచ్చాడు. పొద్దు పొడవకముందే పోయి కూర్చున్నాం. చిటికెడు దుమ్ము జారవిడిచి గాలి ఎటు పోతోందో చూసుకున్నాడు. జింకలు వచ్చే దిక్కునుంచి గాలి మా ముఖానికి కొట్టాలి, మా మీదుగా వాటివైపు పోకూడదు. "అది తల దించి మేసేటప్పుడే ఊపిరి వదులు. తలెత్తితే నువ్వు లేవు" అన్నాడు.

చొప్ప సందుల్లోంచి చూస్తూ ఉంటే మంచులో మొదట కాళ్ళు కనపడ్డాయి, తర్వాత మెడలు. అన్నీ మేస్తున్నాయి, ఒక ఆడజింక మాత్రం మేయడం లేదు. అది కాపలా. నాలుగు దిక్కులా చూస్తోంది. నా కాలు తిమ్మిరెక్కింది, కదపలేదు. అప్పుడు నాకు ఏదో తేడాగా తోచింది. నా పక్కన మనిషి ఉన్నట్టు లేదు. భుజానికి భుజం ఆనించి కూర్చున్నాం, అయినా ఊపిరి వినపడదు, ఒంటి వేడి తెలియదు. తల తిప్పడానికి లేదు. మా అన్న ఎప్పుడో దిగి వెళ్ళిపోయాడని, నేను ఒంటరిగా కూర్చున్నానని నమ్మేశాను. భయం తట్టుకోలేక చెయ్యి జరిపి తడిమాను. ఆయన చెయ్యి తగిలింది, చల్లగా ఉంది. ఆ క్షణమే ఆడజింక గాల్లోకి ఎగిరింది. మంద మొత్తం దాని వెనకే ఎగిరిపోయింది.

అన్న నన్ను తిట్టలేదు. "నీ గంజి వాసన" అన్నాడు, అంతే. "కాదన్నా, నేను సెయ్యి కదిపినా. అది సూసింది" అన్నాను. ఆయన వినలేదు. మంచె దిగి, నేను కూర్చున్న చోట పరిచిన చొప్ప తీసి పారేసి కొత్తది పరిచాడు. ఇంటికి వచ్చేదాకా నా చేతికి ఆయన చెయ్యి చల్లదనం అంటుకునే ఉంది. అమ్మకు చెప్పలేదు.

ఆ తర్వాత ఆయన పొలంలోనే పడుకోవడం మొదలుపెట్టాడు. పంట నిలిచింది, అది ఒప్పుకోవాలి. చుట్టూ చేలు బోసిపోయినా మా శనగ నిలిచింది. పెళ్ళి మాత్రం నిలవలేదు. గూడూరు నుంచి ఒక సంబంధం వాళ్ళు వచ్చారు. టీ తాగారు, పొలం గురించి, మగ్గం గురించి మాట్లాడారు. కాసేపయ్యాక పిల్ల మేనమామ అటూ ఇటూ చూసి, "పిల్లోడు యాడప్పా, ఇంకా రాలేదా?" అన్నాడు. అన్న ఆయన ఎదురుగా స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. వాళ్ళు వచ్చినప్పటినుంచీ అక్కడే ఉన్నాడు. అందరం నవ్వేశాం. ఆ పెద్దమనిషి కూడా నవ్వాడు గానీ ఆయన ముఖంలో రంగు పోయింది. మళ్ళీ కబురు పంపలేదు.

అమ్మకు చక్కెర జబ్బు ఉంది. చూపు కొంచెం కొంచెంగా తగ్గుతూ వచ్చి ఒక ఏడాదికి పూర్తిగా పోయింది. చెవులు అంతకుముందే మందగించాయి. పుట్టింట్లో మగ్గాల మోత, మెట్టినింట్లో మగ్గాల మోత, ఇంక చెవులు ఏం మిగులుతాయి? చెవి దగ్గర నోరు పెట్టి అరిస్తే మాట అందేది, గొంతు ఎవరిదో ఆనవాలు పట్టేది కాదు. అయినా రాట్నం ముందు కూర్చుని వేళ్ళతో తడుముకుంటూ కండెలు చుట్టేది. మనుషులను వాసనతో పట్టేది. నేను గదిలోకి అడుగుపెడితే "చిన్నోడా" అనేది. నా భార్యను పసుపుతో పట్టేది, పక్కింటి సాయిబుల ఆమెను అత్తరుతో పట్టి "రా కూతురా" అనేది.

అన్న వస్తే మాత్రం ఏమీ అనేది కాదు. ఆయన వారానికి ఒకసారి వచ్చి ఆమె ఎదురుగా కూర్చునేవాడు. ఆమె కండె చుట్టుకుంటూ, "పెద్దోడు వచ్చి ఎన్ని దినాలాయ" అని తనలో తాను అనుకునేది. "ఈడే ఉండాడు మ్మా" అని నేను చెవిలో అరిచేవాణ్ణి. ఆమె గాలి పీల్చి చూసి తల అడ్డంగా ఊపేది. "నన్ను మరిపించొద్దు చిన్నోడా. ఈడ ఎవరూ లేరు" అనేది. మొదట్లో అన్న చెయ్యి ముందుకు చాపేవాడు. ఆమె ఆ చెయ్యి తడిమి, చేను పని చేసి మొరటుబారిన అరచేతిని నిమిరి, "ఎవరప్పా నువ్వు? బాగుండావా?" అని మర్యాదగా పలకరించి వదిలేసేది. అది చూడలేక నేను లేచిపోయేవాణ్ణి. ఆమెకు కొడుకు దొరకలేదు. ఆయనకు అమ్మ ఎదురుగానే ఉంది.

"సబ్బుతో స్నానం సెయ్యన్నా, ఒక్కసారి తలకు నూనె పెట్టుకో" అని బతిమాలాను. "పంట కోత కానీ" అన్నాడు. ఆ నెలలోనే ఎవరో కెమెరాలతో జింకలను ఫోటో తీయడానికి మా పొలం వైపు వచ్చారు. వాళ్ళలో ఒకాయన మంచె చూసి అన్నతో మాట కలిపాడు. ఈ జింకలు ముఖ్యంగా కంటితో కనిపెడతాయని, వీటికి చూపు చాలా ఎక్కువని, వాసనను అంతగా నమ్ముకోవని చెప్పాడు. కదలకుండా కూర్చుంటే చాలట. అన్న ఆ సంగతి నాకు చెప్పి, చాలాసేపు తన రెండు అరచేతులూ ముక్కు దగ్గర పెట్టుకుని కూర్చున్నాడు. అంతకుముందూ ఆ తర్వాతా ఆయన ఏడవడం నేను చూడలేదు. ఏడ్చినా చప్పుడు రాలేదు.

అమ్మకు జ్వరం తగిలింది. డాక్టరు చూసి, ఇంక ఇంటికి తీసుకుపొమ్మన్నాడు, ఆ మాటకు అర్థం మాకు తెలుసు. అన్న ఫోను ఎప్పటిలాగే ఆపేసి ఉంది. బండి వేసుకుని పొలానికి పోయాను. గట్టు మీద నిలబడి అరిచాను. మంచె మీద ఎవరూ లేనట్టే ఉంది. తిరిగి వద్దామని బండి వైపు తిరిగితే నా వెనకే నిలబడి ఉన్నాడు. "అమ్మ నిన్ను అడుగుతాండాది" అన్నాను. బండెక్కాడు.

ఇంటికి వచ్చాక ఆయన నేరుగా అమ్మ దగ్గరికి పోలేదు. పెరట్లో ఉన్న గంజి కుండలో రెండు చేతులూ మోచేతుల దాకా ముంచాడు. తలకు నూనె పట్టించాడు, ముఖం మీదికి కారేంత. మగ్గం మీద వేలాడుతున్న నా తువ్వాలు తీసి మెడలో వేసుకున్నాడు. ఇన్నేళ్ళలో మొదటిసారి ఆ ఇంట్లో ఆయన ఉన్నట్టు తెలిసింది. పోయి మంచం పక్కన కూర్చుని అమ్మ చెయ్యి పట్టుకున్నాడు.

అమ్మ ముక్కుపుటాలు కదిలాయి. ముఖంలోకి కళ వచ్చింది. "చిన్నోడా" అంది.

అన్న ఆమె చెవి దగ్గర నోరు పెట్టి, "నేను మ్మా, పెద్దోన్ని" అన్నాడు.

"నువ్వెప్పుడూ ఇంతే చిన్నోడా. సచ్చేటప్పుడు గూడా మరిపిస్తావా" అంది. కోపం లేదు గొంతులో. "మీ అన్నకు కబురు పంపినావా?"

ఆయన తలెత్తి నా వైపు చూశాడు. నేను గడపలో ఉన్నాను. మళ్ళీ ఆమె చెవి మీదికి వంగాడు. "పంపినా మ్మా. వస్తాండాడు."

"వానికి సలి ఎక్కువ. కంబళి పంపు" అంది.

నేను లోపలికి ఒక అడుగు వేసి ఆగిపోయాను. ఒకే వాసనతో ఇద్దరం ఆమె దగ్గరికి పోతే, ఇంత చివర్లో ఆమెకు ఆ ఒక్క నిమ్మళం కూడా ఉండదు. కిటికీలోంచి గాలి లోపలికి వచ్చి గడప దాటి బయటికి పోతోంది. అది చూసుకుని, నా వాసన ఆమెకు చేరని వైపు, వసారాలో గోడ పక్కన నిలబడ్డాను. అన్న ఆ చెయ్యి వదలలేదు. పొద్దు వాలకముందే అమ్మ పోయింది. చిన్నకొడుకు దగ్గరే ఉన్నాడనుకుని, పెద్దకొడుకు ఇంకా రాలేదనుకుని పోయింది.