గట్క పోసిన మల్లయ్య వాంగ్మూలం

1949 ఎండాకాలంలో నన్ను సూర్యాపేట తాలూకా కచేరీలో తర్జుమా గుమాస్తాగా వేశారు. పోలీసు చర్య తర్వాత బయటి నుంచి వచ్చిన అధికారులకు ఉర్దూ రాదు. మా అధికారి తమిళుడు. ఆయనకు తెలుగు కూడా అంతంతమాత్రమే. పట్టుబడినవాళ్లు తెలుగులో చెప్పింది నేను ఇంగ్లీషులో రాయాలి, వాళ్లకు చదివి వినిపించాలి, వేలిముద్ర వేయించాలి. ఆ కాగితాన్ని బట్టి వదిలిపెట్టడమో, నల్లగొండ జైలుకు పంపడమో ఆయన తేల్చేవారు.

ఉర్దూ కచేరీలో పెరిగిన కలం నాది. అక్కడ బరువైన మాట లేని కాగితం ఉప్పు లేని పప్పే. ఇంగ్లీషులోనూ అలాంటిది ఒకటి ఉండాలని వెతికి 'విలనస్లీ' పట్టుకున్నాను. దుర్మార్గంగా అని అర్థం. పోలీసులు నేరమన్న ప్రతి పనికీ దాన్ని తగిలించి, నా ఇంగ్లీషుకు నేనే మురిసిపోయేవాణ్ణి.

ఒకరోజు కోదాడ వైపు నుంచి మల్లయ్య అనే గొర్ల కాపరిని తెచ్చారు. మిర్యాలగూడ దిక్కు మేతకు వెళ్లినప్పుడు కమ్యూనిస్టు దళం వాళ్లకు తిండి పెట్టాడని నేరం. మంద దగ్గరికి నలుగురొచ్చి ఆకలన్నారని, జొన్నరవ్వతో కాచిన గట్క పోశానని, ఎవరని అడగలేదని చెప్పాడు. అతని భార్య ఎల్లమ్మ చంటిబిడ్డతో బయట అరుగు మీద కూచుంది. అతను జైలుకు పోతే మందను కాచే దిక్కు లేదు.

అధికారి నా కాగితం చదివి, ఇంగ్లీషువాళ్లు ఈ 'విలనస్లీ' అన్న మాట ఎక్కడ వాడతారో తెలుసా అని అడిగారు. చెడు అని తెలిసీ కుట్ర పన్ని చేసిన పనికి వాడతారట. లేదంటే నోట పెట్టలేని కాఫీని వేళాకోళం చేయడానికి. ఇతను ఈ రెంటిలో దేని కిందికి వస్తాడన్నారు. ఈ ఇంగ్లీషు కాగితాన్నే తెలుగు చేసి అతనికి వినిపించమన్నారు. అంతవరకూ నేను వినిపిస్తున్నది నా తెలుగు చిత్తుప్రతి. అందులో ఆ మాట ఉండేది కాదు.

నలుగురికి దుర్మార్గంగా గట్క పోశానని చదివాను.

మల్లయ్యకు కోపం రాలేదు. నిజంగానే తెలుసుకోవాలన్నట్టు అడిగాడు.

"దుర్మార్గంగ గట్క ఎట్ల పోస్తరు సారూ? నాకైతే ఎరుక లేదు. ఆకలన్నరు, పోసిన. గంతే."

ఏమన్నాడని అధికారి నన్ను అడిగారు. నేనేం చెబితే అదే ఆయనకు వేదం. మాట మారిస్తే నా ఉద్యోగానికి ఢోకా లేదు. కానీ మల్లయ్య ముఖం చూస్తూ ఆ పని చేయలేకపోయాను. అతనన్నది అన్నట్టే చెప్పి, ఆ మాట అతనిది కాదు, నాదని ఒప్పుకున్నాను. సిగ్గుతో చచ్చిపోయాను.

ఆయన కేకలు వేయలేదు. ఆ మాట కొట్టేయించి, పక్కన నా చేత సంతకం పెట్టించి, మల్లయ్యను వదిలిపెట్టారు.

బయట ఎల్లమ్మ మూట విప్పి అతనికి రొట్టె ఇచ్చింది. అతను సగం తుంచి నా చేతిలో పెట్టాడు.

"పొద్దుగాల్నుంచి రాస్తనే ఉన్నరు. జర తినుండ్రి సారూ."

తిన్నాను. నా మీద నాకెంత కోపం వచ్చిందో, ఆ మనిషి మీద అంత ప్రేమ కలిగింది.

మర్నాడు అధికారి పాత కాగితాలన్నీ తీయించారు. కచేరీలో ఉన్నవాటిలో ఆ మాట కొట్టేశాం. మూడు మాత్రం అప్పటికే మనుషులతో పాటు నల్లగొండకు వెళ్లిపోయాయి. సరిదిద్దమని జాబు రాశాం. జవాబు రాలేదు.

మనిషి ఏం చేశాడో రాయడం వరకే గుమాస్తా పని. ఏ మనసుతో చేశాడో అతన్నే అడగాలి. ఆ ముగ్గురినీ నేను అడగలేదు.