అప్పా తీసెయ్యమన్నది

ద్వారకా ఖరే మా వాడాలోకి వచ్చేనాటికి ఆమెకు పాతికేళ్లు నిండలేదు. సదాశివ్ పేఠ్‌లో మాది నడుమ వాకిలి, చుట్టూ గదులు, గదికో కాపురంగా ఉండే పాత ఇల్లు. మేడ మీద మూలగది ఖాళీ అయితే అందులో తల్లితో దిగింది.

వాళ్లది వాయీ దగ్గర పల్లెటూరు. గాంధీగారిని చంపిన వారంలో ఊరివాళ్లు వచ్చి వాళ్ల ఇంటికి నిప్పు పెట్టారు. చంపినవాడు బ్రాహ్మడు, వీళ్లూ బ్రాహ్మలే. అంతకు మించి కారణం లేదు. విడ్డూరం ఏమిటంటే ద్వారక తండ్రి రోజూ రాట్నం వడికేవాడు. మంటల్లోంచి ఆయన బయటికి తెచ్చుకోగలిగింది గాంధీగారి పటమొక్కటే. ఆ దిగులుతోనే కొన్నాళ్లకు పోయాడు.

ద్వారకకు బాలికల బడిలో పంతులమ్మ ఉద్యోగం దొరికింది. మనిషి సన్నగా, మాట మెల్లగా ఉండేది. పుస్తకం పట్టుకుని చదవడం మొదలుపెడితే మాత్రం వాకిట్లో గిన్నెలు తోముతున్నవాళ్లు కూడా చేతులు ఆపేవారు. ఆ గొంతే ఆమెను కింది వాటా ముందుగదిలోకి తీసుకుపోయింది.

ఆ గది చింతామణ్‌రావు దాతార్‌ది. అందరూ అప్పా అనేవారు. హిందువు అంటే ఎవరు, ఈ దేశం ఎవరిది అన్న సంగతుల మీద లావుపాటి పుస్తకాలు రాశాడు. తెల్లవాళ్ల హయాంలో జైల్లో ఉండి వచ్చాడు. కులం చూసేవాడు హిందువే కాడని రాసి ఊరుకోలేదు, అంటరానివాళ్లన్న మహార్ల పేటలో కూర్చుని వాళ్ల భాకరీ రొట్టె తిని వచ్చాడు. సొంత చుట్టాలు వెలివేస్తే వేసుకోండన్నాడు. నలుమూలల నుంచీ కుర్రాళ్లు వచ్చి ఆయన కాళ్లకు మొక్కేవారు. కానీ నీటికాసులు వచ్చి ఆయనకు చూపు పూర్తిగా పోయింది.

"మధ్యాహ్నాలు కాస్త చదివిపెట్టు ద్వారకా, రోజంతా నా ప్రాణం తోడేస్తున్నాడు మామయ్య" అని ఆయన కోడలు శకూవహినీ బతిమాలింది.

ద్వారక ఒప్పుకుంది. తల్లి ఇంతెత్తున లేచింది.

"ఇలాంటివాళ్ల రాతలు తలకెక్కే కదే వాడు పిస్తోలు పట్టింది? దాని మూలానే కదా మన కొంప కాలింది? నువ్వెళ్లి ఆయనకే పుస్తకాలు చదువుతావా?"

"అడగడానికే వెళ్తున్నానమ్మా."

"ఏమని అడుగుతావు?"

"అదే ఇంకా తెలీడం లేదు."

మొదట్లో పత్రికలు చదివేది. తర్వాత ఆయన తన పుస్తకాలే తనకు చదవమన్నాడు. వింటూ వింటూ ఓ రోజు, "ఎవడే ఇది రాసింది?" అన్నాడు.

"మీరేనప్పా."

"బానే రాశాడు. కాస్త నోరెక్కువ."

ద్వారక పకపకా నవ్వింది. నవ్వినందుకు ఆ సాయంత్రమంతా తన మీద తనకే కోపం. మేడ మెట్ల మీద కూర్చుని నాతో చెప్పుకుంది: "ఆయన్ని తిట్టుకుంటూ దిగుతాను. ఎక్కేటప్పుడు ఆయనకు జ్వరం తగ్గిందో లేదోనని బెంగ. నాకేమైనా పిచ్చా?"

చివరికి ఓ వానాకాలపు మధ్యాహ్నం ఇల్లు కాలిన సంగతి చెప్పి, ఆ పాపంలో మీ రాతలకు వాటా లేదా అని అడిగేసింది.

"నన్ను అడుగుతున్నావా, నిందిస్తున్నావా?"

"తెలీదప్పా."

"చంపమని నేనెక్కడా రాయలేదు. ఎవడో కొంప అంటిస్తే అగ్గిపెట్టె అమ్మినవాడిది పాపమా?"

"మీరు అమ్మలేదుగా. ఊరికే పంచారు."

శకూవహినీ చేతిలో కప్పు పడేసినంత పని చేసింది. అప్పా మాత్రం నవ్వాడు. ఆ తర్వాత, "మీ నాన్న పేరేమిటమ్మా?" అని అడిగాడు. చెప్పింది. ఆ పేరును తనలో తాను రెండుసార్లు అనుకున్నాడు. మర్నాడు ఏమీ జరగనట్టే, "నిన్న ఎక్కడ ఆపావు?" అన్నాడు. పశ్చాత్తాపమో మరుపో ఆమెకు అంతు చిక్కలేదు.

ఇంకో చిక్కు కూడా ఉంది. అప్పా రాసిన ముఖ్యమైన పుస్తకంలో అందరి నోళ్లలో నానే వాక్యం ఒకటి: 'ఈ నేల మీద పుట్టి దీన్ని తల్లి అనలేనివాడు ఈ ఇంట్లో అతిథి. అతిథికి అన్నం పెట్టాలి, తాళంచెవి ఇవ్వకూడదు.' ఆ అతిథులెవరో తర్వాతి పుటల్లో పేరుపెట్టి రాశాడు: ముసల్మానులు, కిరస్తానీలు. కానీ ఏటా వేసవిలో కోడలితో కొంకణానికి పోతూ ఇంటి తాళంచెవి ఇచ్చేది యాసిన్ బాగ్వాన్‌కే. పక్క సందులో పుస్తకాలు కుట్టి అట్టలు వేసే యాసిన్‌భాయ్, అప్పాకు చిన్ననాటి నేస్తం.

"యాసిన్‌భాయ్‌కి తాళంచెవి ఇచ్చారుగా?" అని అడిగింది ద్వారక.

"యాసిన్ గురించి కాదే రాసింది!"

"మరెవరి గురించి?"

"చాయ్ పెట్టమను శకూని" అన్నాడు.

ఏళ్లు గడిచాయి. ఆ పుస్తకం మళ్లీ అచ్చువేస్తామని మధుకర్ సోమణ్, వసంత్ లిమయే అనే శిష్యులిద్దరూ పూనుకున్నారు. మార్పులేమైనా ఉంటే చెప్పమని అప్పాను అడిగారు. అప్పటికే ఆయన మంచంలో ఉన్నాడు. ద్వారక మొదటి పుట నుంచీ చదువుతూ వచ్చింది. చలిగా ఉందని శకూవహినీ ఆయన కాళ్ల మీద గొంగళి కప్పి వెళ్లింది. సరిగ్గా అప్పుడే ద్వారక ఆ తాళంచెవి వాక్యం చదివి ముగించింది. అప్పా చెయ్యి కాస్త పైకి లేచింది.

"అది తీసెయ్."

"ఏది అప్పా? గొంగళా, వాక్యమా?"

కన్ను మూతపడింది. మళ్లీ మాట్లాడకుండానే పోయాడు.

ద్వారక జరిగింది జరిగినట్టు శకూవహినీకి చెప్పింది. దినవారాలు ముగిసీ ముగియకముందే శిష్యులిద్దరూ ఆమెను ముందుగదిలో కూర్చోబెట్టారు.

"తాయీ, గొంగళి గురించే అని చెప్పండి. గొడవ వదిలిపోతుంది" అన్నాడు సోమణ్.

"కాదు తాయీ. అప్పా మనసు మారింది. మీకూ తెలుసు. ధైర్యం చేసి చెప్పండి" అన్నాడు లిమయే.

"చెయ్యి గాల్లోనే ఉంది. గొంగళి వైపూ లేదు, పుస్తకం వైపూ లేదు. వాక్యం గురించే అయ్యుండాలని నాకెంత ఆశగా ఉందో మీకు తెలీదు. అందుకే నా మాట నేనే నమ్మలేను."

"ఒక్క ముక్కలో చెప్పాల్సింది పంచాంగమంత చేస్తోంది" అని సోమణ్ విసుక్కున్నాడు. లిమయే అయితే పిరికిదని మొహం మీదే అన్నాడు.

ఆమె నేరుగా యాసిన్‌భాయ్ కొట్టుకు వెళ్లింది. నేనూ వెంట వెళ్లాను.

"భాయ్, ఆ పుస్తకం నువ్వు చదివావా?"

"ఎన్నిసార్లు కుట్టానో! చదవకుండా ఎలా ఉంటాను తాయీ?"

"మరి ఆ తాళంచెవి ఎందుకు తీసుకున్నావు?"

"నేస్తం చేతికిస్తే పుచ్చుకోనా? ఇంట్లో చింతూ వేరు, పుస్తకంలో చింతూ వేరు అనుకున్నా." జిగురు చేతులు గుడ్డకు తుడుచుకున్నాడు. "కానీ ఒకటి చెప్పనా? బజార్లో నా కొడుక్కి ఎదురయ్యేది ఆ పుస్తకం చదివినవాళ్లు. చింతూ కాదు."

"ఆయన ఏది తీసెయ్యమన్నాడంటావు?"

"వాక్యమే అనుకుంటాను. అలా అనుకుంటే నిద్ర పడుతుంది. నిజమని మాత్రం ప్రమాణం చెయ్యలేను."

చివరికి శిష్యులు విడిపోయారు. సోమణ్ వాక్యంతో సహా ఒక పుస్తకం వేశాడు. లిమయే ఆ వాక్యం లేకుండా ఇంకొకటి వేశాడు. ఎక్కువ అమ్ముడుపోయింది సోమణ్‌దే. ఇద్దరూ ముందుమాటల్లో ద్వారకను సాక్షిగా చెప్పుకున్నారు. రెండింటికీ తాను సాక్షిని కాదని ఆమె పత్రికకు రాసింది. పత్రికవాళ్లు దాన్ని వేయలేదు.

తర్వాత ఆమె నాసిక్‌లో ఒక బడికి పెద్ద పంతులమ్మగా వెళ్లింది. కొన్నాళ్లకు పాఠ్యపుస్తకంలో అప్పా వ్యాసం ఒకటి వచ్చింది, దేశాన్ని ప్రేమించడం గురించి. నేను ఆమెను చూడ్డానికి వెళ్లిన రోజున దాన్నే తొమ్మిదో తరగతికి చదువుతోంది. వరండాలో నిలబడి విన్నాను. ఆ గొంతులో ఆ మాటలకు నా ఒళ్లు గగుర్పొడిచింది. ముగియగానే పిల్లలంతా చప్పట్లు కొట్టారు.

ద్వారక బయటికి వచ్చి గోడకు ఆనుకుంది. మొహం పాలిపోయింది.

"విన్నావా? ఎంత బాగుందో!" అంది. కాస్త ఆగి, "అదే నా భయం" అంది.

లోపల పిల్లలు ఇంకోసారి చదవమని గోల చేస్తున్నారు. ఆమె వెంటనే లోపలికి పోలేదు.