మా ధనానికి చీటీలో వచ్చిన మాట

మా అమ్మాయి ధనం చిన్నప్పుడు... తొంభైల నాటి సంగతి. అప్పుడది ఎనిమిదో తరగతి. ఓ సాయంత్రం బందరు బడి నుంచి వచ్చి, సంచి మంచం మీదకి గిరాటేసి, "రేపట్నుంచి నేను బడికెళ్ళను నాన్నా" అంది.

నేను గిలకలదిండి రేవులో బోటు ఇంజన్ల మెకానిక్కుని. అప్పుడే పని నుంచి వచ్చి కిరసనాయిలుతో చేతుల గ్రీజు వదిలించుకుంటున్నాను. ఏమైందే అని అడిగాను.

ఇంగ్లీషు మేడం చీటీలు తీయించిందట. ఒక్కొక్కరికి ఒక్కో ఇంగ్లీషు మాట. ఆ మాటని ఎన్ని రకాలుగా వాడతారో వచ్చే శుక్రవారం క్లాసు ముందు నిలబడి ఇంగ్లీషులోనే చెప్పాలి. మా పిల్లకి వచ్చింది 'సెట్'.

అసలు బాధ అది కాదు. కిందటి వారం పాఠం చదువుతూ ఒకచోట నోరు తిరగక ఆగిపోతే క్లాసంతా నవ్విందట. ఒకడైతే ముక్కు మూసుకుని "చేపల ఇంగ్లీషు" అన్నాడట...

మా ఇంటిది పొయ్యి దగ్గర నుంచే తీర్పు చెప్పేసింది. "మానేస్తే మానెయ్యనీవయ్యా. మా అక్కతో ఎండుచేపల పనికెళ్తుంది. నువ్వు మాత్రం ఏం చదివావు? సముద్రం పిలిచిందని మూడో తరగతిలోనే వచ్చేసిన మొనగాడివి కదా!"

ఎవడికైనా ఎదురు సమాధానం చెప్పేవాణ్ణి, ఆ మాటకి మాత్రం చేతులు ఇంకా గట్టిగా రుద్దుకున్నాను. ఎందుకో చెప్తాను.

పిల్ల అప్పటికే బళ్ళో డిక్షనరీ చూసి రాసుకొచ్చింది. రెండు పేజీల నిండా చీమల బారులా ఉంది. "సూర్యుడు కుంకినా సెట్టే అంట నాన్నా" అని ఏడుపు మొహం పెట్టింది.

"సూర్యుణ్ణి సెట్ చేసే మెకానిక్కు ఎవడే?" అన్నాను. నవ్వలేదు.

ఆదివారం సైకిలు వెనక ఎక్కించుకుని రేవుకి తీసుకెళ్ళాను. "ఆ కాగితం మడిచి లోపల పెట్టు. ఇక్కడ ఎవరేం మాట్లాడుతున్నారో విను" అన్నాను.

రేవు మొదట్లోనే తాపీ మేస్త్రి అరుస్తున్నాడు. "ఒరేయ్, సిమెంటు ఇంకా సెట్టవ్వలేదు, తొక్కావంటే కాళ్ళిరగ్గొడతా!"

ధనం నా చొక్కా పట్టుకు లాగింది. "నాన్నా, విన్నావా?"

చేపల వేలం దగ్గర ఓ ఆడమనిషి గంప దించుతూ నాతో అంది, "అన్నయ్యా, మా వాడికి హంసలదీవి సంబంధం సెట్టయింది. పిల్ల బంగారం." పక్కనే ఉన్న ముసలావిడ ఊరుకుంటుందా? "పిల్ల సంగతి సరే, స్టీలు గిన్నెల సెట్టు ఎవరు పెడుతున్నారే?"

ఐసు దగ్గర బోటు మీద పనిచేసే ఓ కళాసీ మూట దించేసి, "ఆ బోటు నడిపే సరంగుతో నాకు సెట్టవ్వదు బావా, నేను వేరే బోటు చూసుకుంటా" అన్నాడు. ఇంకొకడు రేడియో సెట్టు చంకలో పెట్టుకుని పోతున్నాడు...

మా పిల్ల నోటుపుస్తకం తీసింది. రాసింది, రాసింది... మొహంలో వెలుగొచ్చింది.

తర్వాత నాతోపాటు బోటెక్కి ఇంజను గదిలోకి దిగి కూర్చుంది. ఇంజన్లో వాల్వుల్ని కదిపే టాపెట్లు సెట్ చెయ్యాలి. ఇంజను స్టార్ట్ చేసి, స్క్రూడ్రైవరు కొస ఇంజనుకి, పిడి చెవికి ఆనించి వింటాను. టకటక కొడుతుంటే ఆపుతాను. ఇంత తిప్పుతాను. మళ్ళీ స్టార్ట్ చేస్తాను, మళ్ళీ వింటాను. దానికీ చెవికి ఆనించి వినిపించాను.

ఇంజను ఆగాక అడిగింది. "ఇదంతా వచ్చినవాడివి, చదువెందుకు మానేశావు నాన్నా? నిజంగా సముద్రం పిలిచిందా?"

లేదు అని చెప్పాను.

మూడో తరగతిలో నన్ను లేపి చదవమంటే 'ళ' దగ్గర ఆగిపోయాను. మాస్టారు బెంచీ ఎక్కించారు. అందరూ నవ్వారు. మంచినీళ్ళు తాగొస్తానని బయటికెళ్ళాను... మళ్ళీ వెళ్ళలేదు. అంతే. సముద్రం ఎవణ్ణీ పిలవదు. ముప్పై ఏళ్ళకి పైగా అందరికీ ఆ అబద్ధమే చెప్పాను, మా ఇంటిదానితో సహా.

ధనం నా గ్రీజు చెయ్యి పట్టుకుంది.

"నవ్వితే నవ్వనీ. వాళ్ళ నవ్వు ఆగేదాకా ఆగు. మళ్ళీ మొదలెట్టు. ఇంజనుకి నేను చేసేది అదేగా" అన్నాను.

శుక్రవారం ఎవరికీ చెప్పకుండా బడికెళ్ళి కిటికీ బయట నిలబడ్డాను. ధనం లేచింది. రెండో మాటకే నోరు పట్టేసింది. నవ్వులు మొదలయ్యాయి. బయటికొచ్చేస్తుందేమో, మంచినీళ్ళంటుందేమో అని గుమ్మం వైపే చూస్తున్నాను.

రాలేదు. ఆగింది. నవ్వు సద్దుమణిగేదాకా అలాగే నిలబడింది. మళ్ళీ మొదటి నుంచి మొదలెట్టింది.

ఆ ఇంగ్లీషు నాకు ముక్క అర్థం కాలేదు. 'సెట్' అన్న మాట వినబడినప్పుడల్లా ఒక వేలు ముడిచాను. రెండు చేతుల వేళ్ళూ అయిపోయాయి. చివర్లో 'టాపెట్' అని వినబడింది. మేడం అదేమిటని అడిగింది. "మా నాన్న చేసే పని అండీ" అని తెలుగులోనే చెప్పింది, గట్టిగా.

ఏ ఓనరు ముందూ తల వంచనివాణ్ణి, ఆ కిటికీ కింద కూలబడి కండువా మొహానికి అడ్డం పెట్టుకున్నాను.

ఆ సాయంత్రం మా ఇంటిదానికి నిజం చెప్పేశాను. "నాకెప్పుడో తెలుసులే, మీ అమ్మ చెప్పింది" అంది కూర కలుపుతూ. మళ్ళీ ఎండుచేపల పని ఊసెత్తలేదు.

ఇప్పుడు ఏ మాటకెన్ని అర్థాలున్నాయో ఫోనే చెప్పేస్తోంది. మా మనవరాలికి అందుకోసం రేవుకి రావాల్సిన పని లేదు. స్క్రూడ్రైవరు చెవికి ఆనించేవాడూ కనబడటం లేదు... నా చెవీ మునుపటిలా లేదు.

మీలో నాలాగా బడి మానేసినవాళ్ళు ఉంటే ఎందుకు మానేశారో కింద రాయండి. అందరికీ చెప్పేది కాదు... అసలుది.