కలశం మీది ఇత్తడి ముఖం

దయ్యాల్ని నేను ఎన్నడూ నమ్మలేదు. ఎట్లా నమ్ముతాను? ముత్తంగి జంక్షన్ టీ కొట్టు దగ్గర తిరిగే దయ్యాల్లో సగం నేను పుట్టించినవే. వే బ్రిడ్జి మీద బరువు తూగని లారీ డ్రైవరూ, గోదాములో తనంతట తానే నడిచే తోపుడు బండీ నా కల్పనలే. అందుకే ఈ ఒక్కటి నిజమంటే ఎవరూ నమ్మడం లేదు.

నాకో టెంపో ఉంది. కర్దనూర్ దారిలో ఖాజా అనే స్నేహితుడి తుక్కు దుకాణం నుంచి ఇత్తడి పాత సామాను కరిగించే భట్టీలకు తోలుతుంటాను. విదేశాల నుంచి వచ్చిన తుక్కులో పాత కుళాయిలు, వాల్వులు, తలుపు గడియలు ఉంటాయి. శ్రావణమాసంలో ఒకరోజు వాటి మధ్య ఒక ముఖం దొరికింది.

నిండు మనిషి ముఖమంత ఉంది. సన్నని పొడుగు ముక్కు, చిన్న నోరు, బుగ్గల మీద గీతలు, నెత్తిన రెండు కొమ్ములు, చెంపల పక్కన కాళ్లలా వేలాడే చిన్న రేకులు. కళ్లు మాత్రం రెండు సన్నని చీలికలు.

"అన్నా, ఫోన్ల ఎతికిన," అన్నాడు ఖాజా. "ఆఫ్రికల సెనుఫోలు, డ్యూలాలు అని ఉంటరట. గీ ముసుగు మొఖానికి కట్టుకొని ఆడతరట. ఎట్లాగూ భట్టీల ఏసేదే, కావాల్నంటే తీస్కపో."

గోడకు తగిలిద్దామని ఇంటికి తెచ్చాను. నా భార్య పద్మ చూడగానే కళ్లకద్దుకుంది.

"అమ్మవారి మొఖం! యాడ దొరికిందయ్యా?"

ఉన్నది ఉన్నట్టే చెప్పాను. పకపకా నవ్వింది.

"ఆఫ్రికానా? నిరుడు ఏనుగు లిఫ్ట్ అడిగిందన్నవు, గదీ గిట్లనేనా? సూడు, నెత్తిన కిరీటం, చెవులకు కమ్మలు. కండ్లు మూసుకొని ధ్యానంల ఉన్నది తల్లి."

చింతపండుతో తళతళా తోమింది. శుక్రవారం పొద్దున పసుపు రాసిన కొబ్బరికాయకు దాన్ని దారంతో కట్టి, కలశం మీద నిలిపి, నుదుట కుంకుమ పెట్టింది. ఆ చీలికల్లోంచి వెనకున్న కొబ్బరికాయ పచ్చగా కనిపించాలి. నల్లగా కనిపించింది. నీడ అనుకున్నాను.

పద్మ హారతి ఎత్తింది. నేను గంట కొడుతున్నాను. ఫ్యాను ఆపే ఉంది, కిటికీ మూసే ఉంది. కర్పూరం మంట ముఖం వైపు వంగింది. తర్వాత మా వైపు వంగింది. మళ్లీ ముఖం వైపు. నిద్రపోతున్న మనిషి ఊపిరిలా, తొందర లేకుండా.

పద్మ నా వైపు ఉరిమి చూసింది. "పూజకాడ గూడ నీ పరాచికాలేనా? గాలి ఊదే పైపు యాడ పెట్టినవ్?"

"నేనేం పెట్టలేదే. నీ మీద ఒట్టు."

"నీ ఒట్లు నాకు ఎరుకలేవా?"

పళ్లెం కింద పెట్టి, దారం విప్పి, ముఖాన్ని అటూ ఇటూ తిప్పింది. ఏమీ లేదు. లోపల ఏముందో చూద్దామని తన ముఖానికి ఆనించుకుంది. వద్దనే లోపే జరిగిపోయింది.

ఆమె చేతులు కిందికి జారాయి. ముసుగు జారలేదు.

చీలికల్లో రెండు కళ్లు కదిలాయి. ఇన్నేళ్లుగా చూస్తున్న పద్మ కళ్లు నాకు తెలియవా? అవి కావు. కొత్త ఊళ్లో బస్సు దిగిన మనిషిలా గోడను, టీవీని, చివరికి నన్ను చూశాయి. నేనెవరో వాటికి తెలియదు.

తర్వాత కాళ్లు కదిలాయి. పద్మ మోకాళ్లు అరిగిపోయి ఉన్నాయి. గోడ పట్టుకోకుండా మెట్టు ఎక్కలేదు. అట్లాంటిది మడమలు టకటకా నేలకు తాకిస్తూ, నడుం వంచి, పిల్ల గాలిలా గది చుట్టూ తిరిగింది. పిలిచాను. వినిపించుకోలేదు. ఇక నా పద్మ నాకు దక్కదనుకున్నాను.

అప్పుడు తెలిసింది, నా చేతిలో గంట ఇంకా మోగుతోందని. ఆ అడుగులు దాని దెబ్బకు సరిగ్గా పడుతున్నాయి. ఆపుదామంటే చెయ్యి ఆగలేదు. రెండో చేత్తో గంట నాలుకను గట్టిగా పట్టుకున్నాను.

అడుగు సగంలో ఆగిపోయింది.

పద్మ ముసుగు తీసి, "లోపల ఏం లేదు. జెర చెప్పరాదూ, పైపు యాడ దాసినవ్?" అంది, మాట మధ్యలో దగ్గి ఆగినంత మామూలుగా. ఆయాసం లేదు. ముఖానికి రాసుకున్న పసుపు చెదరలేదు. కర్పూరం మాత్రం ఎప్పుడో కాలిపోయి పళ్లెం చల్లబడింది. ముసుగు లోపలి వైపంతా చెమట. తుండుతో తుడిచాను. చూస్తుండగానే మళ్లీ చెమ్మ పట్టింది.

ఆ మధ్యాహ్నమే భట్టీకి తీసుకెళ్లి, పూర్తిగా కరిగేదాకా అక్కడే నిలబడ్డాను. ఖాజా వెంట వచ్చాడు. నా ముఖం చూసి టీ తెప్పించాడు.

ఇది చెబితే జనం నవ్వుతారు. అందరికంటే ముందు పద్మే నవ్వుతుంది. "గంత అబద్ధం గీయన ఎన్నడూ ఆడలే" అంటుంది. తనకేమీ గుర్తు లేదంటుంది.

కానీ ఇప్పుడు మా ఇంట్లో హారతికి గంట కొట్టం. వీధిలో పీచుమిఠాయి బండి గంట మోగినా చాలు, పద్మ నవ్వు ఆపేసి నా మణికట్టు పట్టుకుంటుంది. మోత దూరమయ్యేదాకా వదలదు.