ముందు వరసలో కండువా

మేము విమానం ఎక్కిన రోజు కెనడాలో మా ఊరు రెజైనాలో మైనస్ ముప్పై రెండు డిగ్రీలు. ఎయిర్‌పోర్టులో సగం మంది అప్పటికే మేము వెళ్ళబోయే వెచ్చటి దీవిలో దిగినట్టున్నారు. పైన దళసరి కోటు, కింద మోకాళ్ళ దాకా నిక్కరు, కాళ్ళకు రబ్బరు చెప్పులు. నేను మాత్రం ఇస్త్రీ చేసిన ప్యాంటు, పొడుగు చేతుల చొక్కా, పాలిష్ పెట్టిన నల్ల బూట్లు వేసుకున్నాను. కొత్త చోటికి వెళ్ళేటప్పుడు మనిషి మర్యాదగా కనబడాలని మా ఇంట్లో నేర్పారు.

"మిమ్మల్ని చూసి అక్కడ కస్టమ్స్ ఆఫీసరనుకుంటారు," అంది మా ఆవిడ.

దాదాపు అంత పనీ అయింది. బీచి ఒడ్డున ఒక పెద్ద రిసార్టులో దిగిన గంటకే, తడి స్విమ్‌సూట్‌తో ఒకావిడ నా దగ్గరికి వచ్చి తువ్వాళ్ళు ఎక్కడ ఇస్తారని అడిగింది. చెయ్యి చాపి దారి చూపించాను. థాంక్యూ సర్ అని వెళ్ళిపోయింది. నన్ను మేనేజరనుకుంది. ఆమె తప్పేం లేదు. ఆ రిసార్టు మొత్తం మీద చీలమండలు కనబడని మగవాణ్ణి నేనొక్కణ్ణే. తిండికీ తాగుడికీ డబ్బు ముందే కట్టేసినందుకు గుర్తుగా అందరి చేతికీ కట్టిన పసుపుపచ్చ ప్లాస్టిక్ పట్టీ నాకూ కట్టారు గానీ, దాన్ని చొక్కా చేతి కిందికి తోసేశాను.

ఈ ప్రయాణం మా అమ్మాయి తలపెట్టింది. ఆకులు రాలే రోజుల్లో వాళ్ళమ్మకు కుడి మోకాలు మార్చారు. ఆపరేషన్ అయ్యాక కళ్ళు తెరుస్తూనే మా ఆవిడ అన్న మొదటి మాట, "సముద్రంలో కాళ్ళు పెట్టుకోవాలనుంది" అని. ఆమె కాకినాడ పిల్ల. పెళ్ళయ్యాక నా వెంట రెజైనా ఉన్న సస్కాచెవాన్ రాష్ట్రానికి వచ్చింది. అక్కడ ముప్పై ఏళ్ళు నేను ప్రభుత్వం వారి రోడ్లు వేశాను. గాలికి ఊగే గోధుమ చేలు తప్ప ఆమె చూసిన కెరటాలు లేవు. మత్తులో ఏదో అందిలే అని నేను వదిలేశాను. అమ్మాయి వదలలేదు. డాక్టరు సరేననగానే టికెట్లు బుక్ చేసింది. నేను గొణిగితే, "డాడ్, ఇట్స్ నాట్ ఫర్ యూ. ఇట్స్ ఫర్ అమ్మ," అంది. నేను పెట్టె సర్దుకున్నాను.

దీవికి చేరాక తెలిసింది, సముద్రం ఎదురుగా ఉండటం వేరు, దాని దగ్గరికి వెళ్ళటం వేరు అని. మా ఆవిడ నడిచేది చక్రాల వాకర్ పట్టుకుని. మెత్తటి ఇసుకలో చక్రాలు దిగబడిపోతాయి. గదుల దగ్గర నుంచి ఒక చెక్కల బాట ఉంది గానీ, అది ముందు వరసలో ఒక తాటాకు గొడుగు దగ్గర ఆగిపోతుంది. గొడుగు కింద రెండు కుర్చీలు. అక్కడి నుంచి నీళ్ళు పది అడుగులు. బాట పొడుగునా నడిచాక ఆమె కాసేపు కూర్చుంటేగానీ ఆ పది అడుగులు వెయ్యలేదు. మళ్ళీ వెనక్కి వచ్చాకా కూర్చోవాలి. అంటే ఆ రెండు కుర్చీలూ దొరికితేనే ఆమెకు సముద్రం.

అవి దొరకలేదు. మేము టిఫిన్ చేసి వెళ్ళేసరికి ముందు వరస అంతా నిండిపోయేది. మనుషులతో కాదు, తువ్వాళ్ళతో. కుర్చీలు పట్టి ఉంచరాదని ఒక బోర్డుంది. దాని మీద కూడా ఎవరో తువ్వాలు ఆరేశారు.

"తెల్లవారుతూనే వచ్చి పరిచేసి, వెళ్ళి మళ్ళీ పడుకుంటున్నారండీ," అంది మా ఆవిడ. "మనమూ పరుద్దాం."

"కుర్చీలో మనిషి కూర్చోవాలి గానీ గుడ్డ కూర్చోవడమేమిటి?"

"మీ తాతగారి కండువా కూర్చునేది కాదూ?"

ముప్పై ఎనిమిదేళ్ళ కాపురంలో నేను చెప్పినవన్నీ ఆమె ఇలాంటి సమయాల కోసం దాచిపెట్టుకుంది. మా తాతగారి రోజుల్లో ఊళ్ళో నాటకం ఆడితే, ముందు వరస నడిమి కుర్చీలోకి ఆయన జరీ కండువా మధ్యాహ్నమే వచ్చేది. ఆయన రాకపోయినా సరే, ఆ కుర్చీలో ఇంకొకరు కూర్చునేవారు కాదు. తరవాత భూములు కోర్టుల చుట్టూ తిరిగి తిరిగి మాయమయ్యాయి. వాటి వెనకే నడిమి కుర్చీ కూడా పోయింది. కండువా మిగిలింది. మడతల దగ్గర జరీ నల్లబడినా నేనెక్కడికి వెళితే అక్కడికి నా పెట్టెలో వస్తుంది. అదీ, నిటారుగా కూర్చోవడమూ, ఈ రెండే నాకు సంక్రమించిన ఆస్తి.

"అది వేరు," అన్నాను.

"ఏం వేరు?"

"ఆయన వెయ్యలేదు. వేసే మనిషి ఉండేవాడు."

"అలా చెప్పండి. వెయ్యడానికి మనిషి లేక ఆగారన్నమాట!"

ఆమె నవ్వింది గానీ, నాకది నవ్వే విషయంగా తోచలేదు. మా వంశంలో కండువా వేయించుకున్నవాళ్ళున్నారు గాని, వేసినవాళ్ళు లేరు.

అలా ఐదు రోజులు మూడో వరసలో, చెక్కల బాట పక్కనే కూర్చున్నాం. మా ఆవిడ కుర్చీలో వెనక్కి వాలి, ముందున్నవాళ్ళ కాళ్ళ సందుల్లోంచి చూస్తూ, "ఈ దీవిలో సముద్రం కన్నా అరికాళ్ళెక్కువ," అనేది. నేను అంచున నిటారుగా కూర్చునేవాణ్ణి. "అది వాలడానికి చేసిన కుర్చీ అండీ. ఇంటర్వ్యూకి వచ్చినట్టు కూర్చుంటారేం?" అనేది.

మా పాట్లు ఒకతను కనిపెట్టాడు. కెనడాలోనే ఒషావా అనే ఊళ్ళో కార్ల ఫ్యాక్టరీలో పనిచేస్తాడు, వరంగల్ వైపువాడు. ముందు వరసలో, ఆ గొడుగుకు అవతల, అతని రెండు కుర్చీల మీద రోజూ ఒక గళ్ళ లుంగీ పరిచి ఉండేది.

"గిట్ల టిఫిన్ చేసి వస్తే సీటు దొరుకుతదా అంకుల్? అయిదున్నరకే రావాలె. మన దిక్కు బస్సు ఆగకముందే కిటికీలకెళ్ళి కర్చీఫ్ ఏస్తం కదా, గదే ట్రైనింగ్ ఇక్కడ పనికొస్తది."

"నేనెప్పుడూ కర్చీఫ్ వెయ్యలేదు," అన్నాను.

"మరి బస్సుల నిలబడే పోయేటోళ్ళా?" అని అడిగాడు, నిజంగా జాలిపడుతూ.

ఆరో రోజు సాయంత్రం. మర్నాడు మధ్యాహ్నం తిరుగు విమానం. నేను స్నానం చేసి బయటికి వచ్చేసరికి మా ఆవిడ బాల్కనీలో కూర్చుని అమ్మాయితో ఫోనులో మాట్లాడుతోంది. నన్ను చూడలేదు.

"ఆ, పెట్టానమ్మా కాళ్ళు. రోజూ పెడుతున్నా. నీళ్ళు ఎంత వెచ్చగా ఉన్నాయనుకున్నావ్! మీ నాన్నే పట్టుకుని తీసికెళ్తున్నారు. ఆయన్నేం అనకు, బాగా చూసుకుంటున్నారు."

నేను మళ్ళీ బాత్రూములోకి వెళ్ళి, అవసరం లేకపోయినా కుళాయి తిప్పి, కాసేపు అక్కడే నిలబడ్డాను. నా గొప్ప కాపాడటానికి ఇంట్లో ఇంకొకరు అబద్ధం ఆడవలసి రావడం మా తాతగారి రోజుల్లో ఉందో లేదో నాకు తెలియదు.

మర్నాడు ఐదుంబావుకి లేచి తయారయ్యాను. బల్ల మీద చీటీ పెట్టాను: 'నిద్ర లేచాక చెక్కల బాట చివరికి రా.' పొద్దుటి గాలి చల్లగా ఉంటుందని కండువా భుజాన వేసుకున్నాను. ఆ రెండు కుర్చీలూ ఖాళీగా ఉన్నాయి. ఒకదానిలో కూర్చుని రెండో దాని మీద చెయ్యి వేశాను.

లుంగీ పట్టుకుని వస్తున్న ఒషావా అతను ఆగిపోయాడు. "అంకుల్! మీరేనా? తువ్వాల ఏది?"

"తువ్వాలు లేదు. నేనే కూర్చుంటాను."

"ఎంతసేపు?"

"మా ఆవిడ వచ్చేదాకా."

"అబ్బో! మీరే కర్చీఫ్ అయిండ్రన్నట్టు," అని నవ్వుకుంటూ లుంగీ పరిచి, మళ్ళీ నిద్రపోవడానికి గదికి పోయాడు.

రెండున్నర గంటలు కూర్చున్నాను. ఏడు దాటాక ఒక జంట తువ్వాళ్ళతో వచ్చి, రెండో కుర్చీ ఖాళీయేనా అని ఇంగ్లీషులో అడిగింది. లేచి నిలబడి, "మేడమ్ వస్తున్నారు," అన్నాను. నా బూట్లూ, జరీ కండువా చూసి ఏమనుకున్నారో గాని, సారీ సర్ అని ఇద్దరూ రెండడుగులు వెనక్కి వేశారు. నాటకాల రోజుల్లో మా తాతగారి కుర్చీ పక్కన నిలబడేవాడు కూడా బహుశా ఇదే గొంతుతో చెప్పి ఉంటాడు. ఆ ఉద్యోగం నాకు ఇంత బాగా కుదురుతుందని అనుకోలేదు.

ఎనిమిదికి మేడమ్ వచ్చింది, పూల చీర, గడ్డి టోపీ, వాకర్‌తో. అప్పటికి వెనక వరసలో సర్దుకున్న ఆ జంట పక్కకు తప్పుకుని గుడ్ మార్నింగ్ చెప్పింది.

"వాళ్ళకేం చెప్పారు?" అంది కూర్చుంటూ.

"ఏం లేదు."

కాసేపు రొప్పు తీర్చుకుని నీళ్ళ వైపు చూసింది. తరవాత నా వైపు. "ఇద్దరం వెళ్తే కుర్చీలు పోతాయి. తిరిగొచ్చి నేనెక్కడ కూలబడను? మీరిక్కడే ఉండండి. ఎవరినైనా చెయ్యి పట్టుకోమంటాను."

ఎవరినైనా!

భుజం మీది కండువా తీశాను. రెండు కుర్చీలకూ అడ్డంగా పరిచాను. గాలికి లేస్తుందేమోనని ఒక కొసన నా కుడి బూటు, ఇంకో కొసన ఎడమ బూటు పెట్టాను. ప్యాంటు మడిచాను. మా ఆవిడ ఏదో అనబోయింది గాని, ముందు వరసే ముందు అందుకుంది. "సూపర్ అంకుల్!" అని, నిద్ర ముగించి వచ్చిన ఒషావా అతని కేక లుంగీ మీంచి వినబడింది.

పది అడుగులు. ఆమె నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. మొదటి కెరటం వచ్చి మా నాలుగు పాదాల మీద నుంచి వెళ్ళి, చీర అంచు తడిపి వెనక్కి పోయింది. నేను ఒకసారి వెనక్కి తిరిగి చూశాను. కండువా కదలలేదు.

"ఎవరూ తీయరు లెండి. ఇటు చూడండి," అంది. తరవాత తల వంచి పాదాల వైపు చూసుకుంటూ, తనలో తను అనుకున్నట్టుగా, "నిజంగానే వెచ్చగా ఉన్నాయే," అంది.

ఫోనులో మాట నేను విన్నానని ఆమెకు ఇప్పటికీ చెప్పలేదు.